కీమోకు ముందే అండాలు దాచుకోవడం: వరంగల్, ఉత్తర తెలంగాణ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాన్సర్ అని తేలి, ట్రీట్‌మెంట్ ఇంకా మొదలుకాని అమ్మాయిల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం, భర్తల కోసం ఈ పేజీ రాశాం. అండాలు దాచుకోవడమంటే వాటిని బయటికి తీసి, గడ్డకట్టించి, తర్వాతి కోసం ఉంచుకోవడం. చదవడానికి తీరిక లేకపోతే ఒక్క పని చేయండి. మొదటి కీమో తేదీ ఖాయం కాకముందే మీ క్యాన్సర్ డాక్టర్ని "ఈ మందుల వల్ల తర్వాత పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉంటుందా? ఉంటే ఇప్పుడే అండాలు దాచుకునే టైముందా?" అని అడగండి. మిగతాదంతా ఆ జవాబును బట్టి నడుస్తుంది.

కీమో తీసుకుంటే ఇక పిల్లలు పుట్టరా?

అందరికీ అలా జరగదు. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండాలు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలే మిగులుతాయి. ఆ తర్వాత తగ్గడమే గానీ కొత్తవి పుట్టవు. కొన్ని క్యాన్సర్ మందులు ఈ నిల్వను ఒక్కసారిగా తినేస్తాయి. ఎంత నష్టం జరుగుతుందన్నది మందు, డోసు, వయసు మీద ఆధారపడి ఉంటుంది.

సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, బుసల్ఫాన్, మెల్ఫలాన్, ప్రోకార్బజిన్ అండాశయాలకు బాగా హాని చేస్తాయి. బోన్‌మ్యారో మార్పిడికి ముందు ఇచ్చే పెద్ద డోసులైతే దాదాపు అందరిలోనూ అండాశయాలు పని మానేస్తాయి. సిస్‌ప్లాటిన్, డాక్సోరుబిసిన్ వల్ల హాని మధ్యస్థం. మెథోట్రెక్సేట్, ఫైవ్ ఎఫ్‌యూ, విన్‌క్రిస్టిన్, బ్లియోమైసిన్ వల్ల తక్కువ. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు ఇచ్చే ఏబీవీడీ అనే కీమో కోర్సు తర్వాత చాలామందికి పీరియడ్స్ తిరిగొస్తాయి. అదే జబ్బుకు వాడే బీకాప్ కోర్సు తర్వాత ఆ అవకాశం బాగా తగ్గుతుంది. జబ్బు పేరు ఒక్కటే తెలిస్తే సరిపోదని అందుకే అంటాం. మీ ఫైల్లో మందుల పేర్లు, ఎన్ని సైకిళ్లు (విడతలు) ఇస్తారో రాయించుకోండి.

వయసు కూడా ముఖ్యమే. ఒకే మందు, ఒకే డోసు తీసుకున్నా 24 ఏళ్ల అమ్మాయికి మిగిలే అండాలు 38 ఏళ్ల ఆమెకు మిగలవు. పీరియడ్స్ తిరిగొచ్చినంత మాత్రాన అంతా మునుపటిలా ఉందని కూడా కాదు. నిల్వ తగ్గిపోయి, మెనోపాజ్ కొన్నేళ్లు ముందుకు జరిగి ఉండొచ్చు.

డాక్టరు గారు పిల్లల మాటే ఎత్తలేదు. మేమే అడిగితే ఏమనుకుంటారో?

ఏమీ అనుకోరు, అడగండి. ఓపీలో రోజుకు వంద మందిని చూసే చోట ఈ మాట రాకపోవడం మామూలే. పెళ్లికాని అమ్మాయి విషయంలోనైతే తల్లిదండ్రుల ఎదుట ఎత్తడానికి డాక్టర్లే వెనకాడుతుంటారు. ఎంజీఎంలో చూపించినా, హైదరాబాద్‌లో ఎంఎన్‌జేకో, నిమ్స్‌కో, బసవతారకం ఆస్పత్రికో వెళ్లినా అడగాల్సినవి ఇవే: కీమో ఎప్పుడు మొదలుపెడతారు, రెండు వారాలు ఆగొచ్చా, మందుల పేర్లేమిటి, కడుపు కింది భాగానికి రేడియేషన్ ఉందా, రొమ్ము క్యాన్సరైతే హార్మోన్ రిసెప్టర్ పాజిటివా నెగటివా.

ఈ జవాబులన్నీ ఒక లెటర్ మీద రాయించుకుని సంతకం తీసుకోండి. ఫర్టిలిటీ డాక్టరు మొదట అడిగేది ఆ లెటరే. అది లేక ఒకరోజు, బయాప్సీ రిపోర్టు మరిచిపోయి ఇంకోరోజు పోతుంటాయి. అలా పోగొట్టుకునేంత టైము ఇక్కడ ఉండదు.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది? ఆలోపు జబ్బు ముదరదా?

సూదులు మొదలైన రోజు నుంచి అండాలు తీసే రోజు దాకా 10 నుంచి 14 రోజులు పడుతుంది. పీరియడ్ వచ్చిన రెండో రోజు దాకా ఆగాలన్నది పాత పద్ధతి. క్యాన్సర్ పేషెంట్లకు ఇప్పుడు నెలసరిలో ఏ రోజైనా మొదలుపెడతారు. అండాల సంఖ్యలో పెద్ద తేడా రాదు. ఎవరైనా "పీరియడ్ వచ్చాక రండి" అని మూడు వారాలు వెనక్కి పంపితే, ఏ రోజైనా మొదలుపెట్టే పద్ధతి గురించి గట్టిగా అడగండి, లేదా వేరే సెంటర్‌కు వెళ్లండి.

ఆగొచ్చా లేదా అన్న నిర్ణయం క్యాన్సర్ డాక్టరుది. రొమ్ము క్యాన్సర్‌లో ముందు ఆపరేషన్ చేస్తే, గాయం మానడానికి ఎలాగూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి కీమో మొదలుపెడతారు. ఆ సందులో అండాలు తీయడం సులువుగా కుదురుతుంది. కీమో ముందు, ఆపరేషన్ తర్వాత అనుకున్నవాళ్లకు ఆ సందు దొరకదు. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు నుంచే స్కానింగులతో పాటు సమాంతరంగా కదలాలి. పెట్ స్కాన్, ఎకో, కీమో ఎక్కించడానికి చర్మం కింద పోర్ట్ పెట్టడం లాంటివి సూదులు నడుస్తుండగానే చేయించుకోవచ్చు. అలా సర్దుకుంటే కీమో వాయిదా పడేది ఎన్నోసార్లు నాలుగైదు రోజులే. అండాలు తీశాక రెండు మూడు రోజుల్లో కీమో ఎక్కించొచ్చు.

ఛాతీలో గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతున్నా, అక్యూట్ లుకేమియా (వేగంగా పెరిగే బ్లడ్ క్యాన్సర్) అయినా ఆగడానికి వీల్లేదు. అప్పుడు ప్రాణమే ముందు. ఆ మాట డాక్టరు నోటి నుంచే స్పష్టంగా వినండి.

రోజువారీగా ఏం జరుగుతుంది?

మొదటి రోజు రక్తం తీసుకుంటారు. ఏఎంహెచ్ అనే పరీక్ష అండాల నిల్వను అంచనా వేస్తుంది, ఏ రోజైనా చేయొచ్చు. సీబీపీ, రక్తం గడ్డకట్టే పరీక్షలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష) కూడా చేస్తారు. చివరి నాలుగు నిల్వ ట్యాంకు కోసం తప్పనిసరి. స్కాన్‌లో రెండు అండాశయాల్లోని చిన్న ఫాలికల్స్‌ను (అండాలు ఎదిగే నీటి సంచులను) లెక్కపెడతారు. ఏఎంహెచ్, ఈ లెక్క కలిపి చూసి డోసు నిర్ణయిస్తారు.

ఆ సాయంత్రం నుంచే పొట్ట చర్మం కింద రోజూ ఒక సూది. ఇది అండాలను ఎదిగించే హార్మోన్ మందు, ఎఫ్‌ఎస్‌హెచ్ లేదా హెచ్‌ఎంజీ, సాధారణంగా రోజుకు 150 నుంచి 300 యూనిట్లు. మామూలుగా నెలకు ఒక్క అండం పక్వమవుతుంది. ఈ మందుతో ఆ నెల ఎదగడానికి సిద్ధంగా ఉన్న ఫాలికల్స్ చాలావరకు కలిసి ఎదుగుతాయి. "ఒకేసారి ఇన్ని తీసేస్తే రేపటికి ఏం మిగులుతుంది?" అని అమ్మలు అడుగుతుంటారు. ఆ నెల ఒకటి తప్ప మిగతావన్నీ ఎలాగూ వాటంతటవే నశించేవి. భవిష్యత్తు నిల్వలోంచి తీయడం లేదు.

ఐదారు రోజుల తర్వాత స్కాన్. ఫాలికల్స్ 13, 14 మిల్లీమీటర్లకు వచ్చేసరికి సెట్రోరెలిక్స్ 0.25 మిల్లీగ్రాముల సూది కూడా కలుస్తుంది, లేదంటే అండాలు ముందే విడుదలైపోతాయి. తర్వాత రోజు విడిచి రోజు స్కాన్. పెద్ద ఫాలికల్స్ 17, 18 మిల్లీమీటర్లు దాటాక అండాలను పూర్తిగా పక్వం చేసే ట్రిగర్ సూది.

ఈ ట్రిగర్ దగ్గరే అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. అండాలు తీసేది సరిగ్గా 35 గంటల తర్వాత. గురువారం ఉదయం 9కి పికప్ (అండాలు తీయడం) అంటే మంగళవారం రాత్రి 10కి సూది పడాలి. గంట ఆలస్యమైతే అండాలు పక్వం కాకుండా దొరకొచ్చు, మరీ ముందు వేస్తే పికప్‌కు ముందే విడుదలైపోవచ్చు. రెండు ఫోన్లలో అలారం పెట్టుకోండి. వేసిన టైము కాగితం మీద రాసి పెట్టండి. పొరపాటు జరిగితే దాచకుండా ఆ రాత్రే సెంటర్‌కు ఫోన్ చేయండి, పికప్ టైము మార్చి సర్దుకునే వీలుంటుంది.

పికప్ రోజు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. మత్తు ఇచ్చి, యోని మార్గంలో స్కాన్ ప్రోబ్ పెట్టి, దాని వెంట సన్నని సూదితో ఒక్కో ఫాలికల్‌లోని ద్రవాన్ని లాగుతారు. కోత ఉండదు, కుట్లు ఉండవు. ఇరవై ముప్పై నిమిషాల పని. మూడు నాలుగు గంటలు పడుకోబెట్టి పంపుతారు. ల్యాబ్‌లో పక్వమైన అండాలను వేరుచేసి, విట్రిఫికేషన్ పద్ధతిలో క్షణాల్లో గడ్డకట్టించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పెడతారు. నెమ్మదిగా గడ్డకట్టిస్తే అండంలోని నీరు మంచు స్ఫటికాలై లోపలి భాగాలను చీల్చేది. విట్రిఫికేషన్ వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ 2012లోనే అండాల ఫ్రీజింగ్‌ను ప్రయోగదశ చికిత్సల జాబితా నుంచి తీసేసింది.

రోజూ హైదరాబాద్ పోవాలా? సూదులు మా ఊళ్లో వేయించుకోవచ్చా?

సూదుల కోసం పోనక్కర్లేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లలా మీరే వేసుకోవచ్చు. బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో, రోజుకో పక్క మార్చి వేయాలి. మొదటిది సెంటర్‌లో నర్సు ముందు మీ చేత్తో వేయించుకుని నేర్చుకోండి. హెచ్‌ఎంజీ పొడిగా వస్తుంది, దాంతో పాటు ఇచ్చే ద్రవం కలిపి వాడాలి. కలిపేటప్పుడు మందు సీసాలో మిగిలిపోవడం మామూలుగా జరిగే తప్పు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేతో, ఏఎన్‌ఎం చేతో వేయించినా మందు పేరు, డోసు, టైము రాసిన కాగితం చూపించే వేయించండి.

స్కాన్లకు మొత్తం నాలుగైదు సార్లు వెళ్లాలి. హనుమకొండ, కరీంనగర్‌లో సంతాన సాఫల్య కేంద్రాలున్నాయి. పికప్ హైదరాబాద్‌లో అనుకున్నా, మధ్య స్కాన్లు ఇక్కడ చేయించి కొలతలు వాట్సాప్‌లో పంపడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు దీనివల్ల ఎంతో అలుపు తగ్గుతుంది. పికప్ ముందురోజు రాత్రికి మాత్రం సెంటర్ ఉన్న ఊళ్లోనే ఉండండి. తెల్లారి కాజీపేటలో రైలెక్కి టైముకు చేరతామనుకోవద్దు. మేడారం జాతర రోజుల్లో, దసరాకు బస్సులు, రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే. పికప్ అయిన రాత్రి కూడా అక్కడే ఉండటం మేలు.

మందుల చల్లదనం ఇంకో సంగతి. కొన్ని సూదులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల ఎండలో బస్సులో బ్యాగులో పెట్టి తెస్తే పాడవుతాయి, పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, మధ్యలో గుడ్డ చుట్టి తీసుకెళ్లండి. ఐస్ నేరుగా తగిలి గడ్డకట్టినా మందు పనికిరాదు. ఇంట్లో ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు.

రొమ్ము క్యాన్సర్ ఉన్నప్పుడు హార్మోన్ సూదులు వేస్తే జబ్బు పెరగదా?

సరైన భయమే. అందుకే ఇలాంటివాళ్లకు సూదులతో పాటు లెట్రోజోల్ మాత్ర ఇస్తారు, సాధారణంగా రోజుకు 5 మిల్లీగ్రాములు. శరీరంలో ఈస్ట్రోజెన్ తయారు కాకుండా అది అడ్డుకుంటుంది, ఫాలికల్స్ ఎదుగుదల మాత్రం ఆగదు. పికప్ అయ్యాక కూడా ఈస్ట్రోజెన్ బాగా తగ్గేదాకా కొన్ని రోజులు కొనసాగిస్తారు. ఇలా చేసిన మహిళల్లో క్యాన్సర్ తిరగబెట్టడం పెరిగినట్టు ఇప్పటిదాకా అధ్యయనాల్లో కనిపించలేదు.

మన దేశంలో 2011లో సంతానలేమి చికిత్సకు లెట్రోజోల్ వాడకాన్ని నిషేధించారు. 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. నెట్‌లో పాత వార్త చదివి మాత్ర మానేయకండి.

మా బిడ్డకు పెళ్లి కాలేదు. లోపలి నుంచి స్కాన్ అంటే భయంగా ఉంది.

ఈ ప్రశ్నను సిగ్గుతో మింగేసి, ఏకంగా ట్రీట్‌మెంటే వద్దనుకునే ఇళ్లున్నాయి. అడగాల్సిన ప్రశ్నే ఇది. మధ్య స్కాన్లు నిండిన మూత్రాశయంతో పొట్ట మీద నుంచి చేయొచ్చు. పికప్ మామూలుగా యోని మార్గంలోనే చేస్తారు, మత్తులో ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు. అండాశయాలు అందే చోట ఉంటే పొట్ట మీద నుంచి కూడా తీయొచ్చు, కాకపోతే అండాలు కాస్త తక్కువ దొరకొచ్చు. హైమెన్ పొర గురించి ఆందోళన ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఆ పొర ఆటలతో, సైకిల్‌తో కూడా సాగుతుంది, అది ఎవరి నడవడికకూ గుర్తు కాదు. అమ్మాయికి 18 నిండితే సంతకం ఆమెదే, నిర్ణయమూ ఆమెదే. ఆమెతో డాక్టరు కాసేపు ఒంటరిగా మాట్లాడతానంటే బయట కూర్చోండి.

పెళ్లయింది. అండాలు దాచాలా, పిండాలు దాచాలా?

పిండాలకు భర్త వీర్యం కావాలి, వాటి మీద ఇద్దరి సంతకాలూ ఉంటాయి. రేపు ఇద్దరిలో ఒకరు కాదంటే అవి వాడుకోలేరు. అండాలు ఆమె ఒక్కదానివే. జబ్బు తెలిశాక పుట్టింట్లో వదిలేసిన కోడళ్లు మన చుట్టూ ఉన్నారు. అందుకే పెళ్లయినవాళ్లు కూడా కనీసం సగం అండాలుగానే ఉంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఫ్రీజింగ్ ఫలితాల్లో ఇప్పుడు రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఎన్ని అండాలుంటే బిడ్డ పుడుతుంది?

గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, ఇచ్చేవాళ్లను నమ్మకండి. 35 లోపు వయసులో ఒక సైకిల్‌కు పది పదిహేను అండాలు వస్తే బాగా వచ్చినట్టే. ఉజ్జాయింపుగా లెక్క ఇలా ఉంటుంది: 12 తీస్తే పక్వమైనవి తొమ్మిది పది. కరిగించాక ఎనిమిది బతుకుతాయి. వీర్యంతో కలిపితే ఐదారు ఫలదీకరణ చెందుతాయి. ఐదో రోజు దాకా ఎదిగే పిండాలు రెండు మూడు. ఆ రెండు మూడింటిలో ఒకటి నిలవాలి. నాలుగే దొరికితే ఆశ తక్కువ, సున్నా మాత్రం కాదు. కీమోకు నాలుగు వారాలు టైముంటే, మొదటి పికప్ అయిన కొద్ది రోజులకే రెండో విడత సూదులు మొదలుపెట్టే పద్ధతి కూడా ఉంది.

దాచుకున్నవాళ్లలో తర్వాత వచ్చి వాడుకునేవాళ్లు తక్కువే. కొందరికి మామూలుగానే గర్భం వస్తుంది.

ఏం తేడా రావచ్చు?

అండాశయాలు అతిగా ఉబ్బి పొట్టలో నీరు చేరడం పాత భయం. క్యాన్సర్ పేషెంట్లకు హెచ్‌సీజీ బదులు ల్యూప్రోలైడ్ లేదా ట్రిప్టోరెలిన్‌తో ట్రిగర్ ఇస్తే అది చాలా అరుదు. ఏ ట్రిగర్ ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి. అయినా రోజుకు కిలో చొప్పున బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా వెంటనే చెప్పాలి.

రక్తం గడ్డలు కట్టడం గురించి సెంటర్లు తక్కువ మాట్లాడతాయి. మాకైతే అదే ఎక్కువ ఆందోళన, ఎందుకంటే క్యాన్సరే రక్తాన్ని చిక్కబరుస్తుంది, దానికి హార్మోన్లు తోడవుతాయి. ఒక కాలు వాచి నొప్పిగా ఉన్నా, ఛాతీలో పోటు వచ్చినా అత్యవసరమే. ముప్పు ఎక్కువున్నవాళ్లకు హెపారిన్ రకం సూది ఇస్తారు, పికప్‌కు ముందు దాన్ని ఎప్పుడు ఆపాలో రాయించుకోండి.

ఒక పక్క ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే ఉబ్బిన అండాశయం మెలిపడి ఉండొచ్చు. సూదులు మొదలైన దగ్గర్నుంచి పికప్ తర్వాత రెండు వారాల దాకా బరువులు మోయొద్దు, పొలం పనికి పోవద్దు. పికప్ తర్వాత జ్వరం 100.4 దాటినా, ప్యాడ్ వెంట ప్యాడ్ తడిసినా ఆగకుండా ఫోన్ చేయండి. మరకలా కొంచెం రక్తం, పొత్తికడుపులో పోటు ఒకటి రెండు రోజులు ఉండటం మామూలే.

బ్లడ్ క్యాన్సర్ అయితే?

అక్యూట్ లుకేమియాలో టైము ఉండదు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి, ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంటుంది. సూది గుచ్చాలంటే ప్లేట్‌లెట్లు సాధారణంగా 50 వేలకు పైనే ఉండాలంటారు. కాబట్టి మొదటి కీమోకు ముందు చాలామందికి కుదరదు. జబ్బు అదుపులోకి వచ్చాక, బోన్‌మ్యారో మార్పిడికి ముందు ఒక అవకాశం దొరకొచ్చు, అప్పుడు మళ్లీ అడగండి.

గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు లేదా ల్యూప్రోలైడ్ 3.75 మిల్లీగ్రాముల సూది నాలుగు వారాలకోసారి, కీమోకు కనీసం వారం ముందు మొదలుపెట్టి ఇస్తే అండాశయాలు నిద్రాణమై కొంత రక్షణ దొరుకుతుంది. దీనికి గట్టి ఆధారాలున్నది రొమ్ము క్యాన్సర్‌లో. అండాలు దాచుకున్నా ఇది కూడా వేయించుకోవచ్చు. అండాలు దాచడానికి ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

పొత్తికడుపుకు రేడియేషన్ ఉంది. అండాలు దాచుకుంటే సరిపోతుందా?

సరిపోకపోవచ్చు. రెండు గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) లోపు రేడియేషన్‌కే సగం అండాలు నశిస్తాయి, గర్భసంచి కూడా దెబ్బతింటుంది. రేడియేషన్ పడని చోటికి అండాశయాలను ల్యాప్రోస్కోపీతో పైకి జరిపి కుట్టే ఆపరేషన్ ఉంది, అది అడగండి. గర్భసంచి తీసేయాల్సి వస్తే, దాచిన అండాలతో సరోగసీ (వేరే మహిళ గర్భంలో బిడ్డను మోయించడం) ఒక్కటే దారి. 2021 సరోగసీ చట్టం ప్రకారం అది పెళ్లయిన దంపతులకు, లేదా 35 నుంచి 45 ఏళ్ల మధ్య వితంతువులకు, విడాకులు తీసుకున్నవాళ్లకే. డబ్బులిచ్చి చేయించుకోవడం నేరం.

ఇంకా పెద్దమనిషి కాని పాపకు?

సూదులు పనిచేయవు. అండాశయం ముక్కను ల్యాప్రోస్కోపీతో తీసి గడ్డకట్టించి దాచడం ఒక్కటే మార్గం. అమెరికన్ సొసైటీ 2019లో దీన్ని కూడా ప్రయోగదశ నుంచి తీసేసింది. అయితే అన్ని సెంటర్లూ చేయవు. లుకేమియాలో దాచిన ముక్కలో క్యాన్సర్ కణాలు ఉండే ప్రమాదం ఉంది.

ఖర్చెంత? ఆరోగ్యశ్రీలో వస్తుందా?

ఆరోగ్యశ్రీ కింద కీమో, సర్జరీ, రేడియేషన్ వస్తాయి. అండాల ఫ్రీజింగ్ మాత్రం మీ చేతి డబ్బులే అని లెక్కేసుకోండి. ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీల్లో సంతానలేమి చికిత్సను మినహాయించే షరతు ఎక్స్‌క్లూజన్ 17 పేరుతో ఉంటుంది, అడిగి చూడండి గానీ ఆశ పెట్టుకోకండి. ప్రైవేటులో ఒక సైకిల్ లక్ష దాటడం మామూలే. అందులో సూదుల మందులదే పెద్ద వాటా. హెచ్‌ఎంజీ రకం, ల్యాబ్‌లో తయారుచేసే రీకాంబినెంట్ రకం కంటే చవక, పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్కాన్లు, మత్తు డాక్టరు ఫీజు, పికప్, ఫ్రీజింగ్, మొదటి ఏడాది నిల్వ, తర్వాత ఏటా నిల్వ ఫీజు, రేపు కరిగించి పిండం చేసే ఖర్చు విడివిడిగా రాసిన కాగితం అడగండి. "ప్యాకేజీ" అన్నచోట మందులు కలిపారో లేదో తప్పకుండా చూడండి. క్యాన్సర్ పేషెంటని లెటర్ చూపిస్తే ఫీజు తగ్గించే సెంటర్లున్నాయి. సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది, క్యాన్సర్ పేషెంట్ల అండాలు ఇప్పుడు నిల్వ చేస్తున్నారో లేదో వెళ్లేముందు కనుక్కోండి.

ఉన్న డబ్బు క్యాన్సర్ వైద్యానికే చాలదంటే, అప్పు చేసి అండాలు దాచమని మేము చెప్పం. గోసెరెలిన్ లేదా ల్యూప్రోలైడ్ సూది గురించి అడగండి. దాచుకోలేకపోయామన్న నేరభావం ఎవరికీ అక్కర్లేదు.

కరెంటు పోతే అండాలు పాడవుతాయా?

పాడవవు. ద్రవ నత్రజని ట్యాంకుకు కరెంటుతో పనిలేదు. నత్రజని మెల్లగా ఆవిరవుతుంది కాబట్టి లెవెల్ చూసి మళ్లీ నింపుతుండాలి. ఎన్ని రోజులకోసారి నింపుతారు, అలారం ఉందా, మీ అండాలు ఒకే ట్యాంకులో పెడతారా, రెండింటిలోనా అని అడగండి. సెంటర్ రిజిస్ట్రేషన్ కూడా చూడండి. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింద లెవెల్ 2 రిజిస్ట్రేషన్ ఉన్న క్లినిక్కే ఈ పని చేయొచ్చు. లెవెల్ 1 క్లినిక్‌లు ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) వరకే.

ఇప్పటికే ఒక కీమో అయింది. ఇప్పుడు దాచుకోవచ్చా?

కీమోల మధ్య అండాలు తీయడం మంచిది కాదు. ఎదుగుతున్న అండాల మీద మందు ప్రభావం పడి ఉంటుంది. ట్రీట్‌మెంట్ ముగిశాక కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగి ఏఎంహెచ్ చూసుకుని అప్పుడు ఆలోచించాలి. ఈలోగా పీరియడ్స్ ఆగినా గర్భం రావచ్చు. కీమోలో గర్భం రాకుండా కండోమో కాపర్‌టీయో వాడండి. రొమ్ము క్యాన్సర్‌లో గర్భనిరోధక మాత్రలు వద్దు.

జబ్బు తగ్గాక ఎప్పుడు పిల్లల్ని కనొచ్చు? అప్పుడు క్యాన్సర్ తిరగబెడుతుందా?

రొమ్ము క్యాన్సర్ మందుల్లో టామాక్సిఫెన్ (హార్మోన్ మాత్ర) ఆపాక మూడు నెలలు, ట్రాస్టుజుమాబ్ తర్వాత ఏడు నెలలు ఆగాలి. రొమ్ము క్యాన్సర్‌లో టామాక్సిఫెన్ ఐదు నుంచి పదేళ్లు వాడాలంటారు, అప్పటికి వయసు దాటిపోతుందని బాధపడేవాళ్లు ఎందరో. 2023లో వెలువడిన "పాజిటివ్" అనే పేరున్న అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు హార్మోన్ మందు వాడాక, గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపిన మహిళల్లో, తొలి ఏళ్లలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. బిడ్డ పుట్టాక మందు మళ్లీ మొదలుపెట్టాలి. మీ స్టేజీకి ఇది వర్తిస్తుందో లేదో మీ డాక్టరే చెప్పాలి.

పుట్టే బిడ్డకు క్యాన్సర్ వస్తుందా?

చాలా క్యాన్సర్లు తల్లి నుంచి బిడ్డకు రావు. దాచిన అండాలతో పుట్టిన పిల్లల్లో లోపాలు ఎక్కువగా కనిపించలేదు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉంటే మాత్రం ఒక్కో బిడ్డకు సగం అవకాశంతో అది సంక్రమిస్తుంది. పిండాన్ని పరీక్షించి ఆ మార్పు లేనిదాన్ని ఎంచుకునే వీలుంది. ఆడో మగో చెప్పడం మాత్రం నేరం.

కాగితాల్లో ఏం చూసుకోవాలి? ఎన్నేళ్లు ఉంచుతారు?

ఏఆర్‌టీ చట్టం మహిళ వయసు 21 దాటి 50 లోపు అంటుంది. అంతకంటే చిన్నవాళ్లయితే సెంటర్ ఒప్పుకుంటుందా, ఏ పత్రాలు కావాలన్నది మొదటి ఫోన్‌లోనే తేల్చుకోండి. నిల్వకు చట్టం చెప్పే గడువు పదేళ్లు. 23 ఏళ్లకు దాచుకుంటే 33 లోపు వాడుకునేలా అనుకోవాలి, గడువు దగ్గరపడేదాకా ఆగకుండా సెంటర్‌తో మాట్లాడాలి. ఆమెకు ఏమైనా అయితే అండాలను ఏం చేయాలో ఒప్పంద పత్రంలో రాయాల్సి ఉంటుంది. ఆ గడి చూసి అమ్మానాన్నలు కన్నీళ్లు పెట్టుకుంటారు. అయినా ఆమే నింపాలి, ఖాళీగా వదలొద్దు.

ఏటా ఫీజు కట్టకపోతే ఎన్ని నోటీసులు పంపి ఎప్పుడు తీసేస్తారో, సెంటర్ మూతపడితే ఎక్కడికి మారుస్తారో చదవండి. వేరే సెంటర్‌కు మార్చాల్సి వస్తే డ్రై షిప్పర్ అనే ప్రత్యేక డబ్బాలో రెండు సెంటర్ల ద్వారానే జరగాలి. ఎన్ని అండాలు, ఏ తేదీన, ఏ ట్యాంకులో పెట్టారో రాసిన సర్టిఫికెట్ తీసుకుని రెండు జిరాక్సులు తీయించండి. సిమ్ మార్చినప్పుడల్లా కొత్త నంబరు సెంటర్‌కు ఇవ్వండి. నాన్న నంబరు ఒక్కటే కాకుండా అమ్మాయిది, ఇంకొకరిది కూడా రాయించండి.